ఎస్ పలకదు

అసలు ఆ కాలెందుకు నేర్పాను, మాట ఒక్కటీ నేర్పి ఊరుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, మాట తప్పయితే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వేవాళ్లు, వెనకవాళ్లకు వినపడేది కూడా కాదు, మైకు గరగరమంటూనే ఉంది, కానీ వెన్నెల కుడికాలెత్తి స్టేజీ చెక్కల మీద ధన్‌మని కొట్టి మరీ అంది, మై విలేజ్ ఈజ్ యాన్ ఇస్‌ల్యాండ్, రెండు జడలూ ఎగిరిపడ్డాయి, మండలంలోని ప్రైమరీ బడుల పిల్లలందరూ ఒక్క క్షణం ఆగి, తర్వాత గొల్లున నవ్వారు, వాళ్లతోపాటు వాళ్ల టీచర్లూ నవ్వారు, ఇప్పుడు ఆ కాలే పడవ అంచు మీదినుంచి నీళ్లలోకి వేలాడేసి ఆడిస్తోంది, నాలుగో తరగతి పిల్ల, మండలం ఇంగ్లిషు పోటీ కోసం కొన్న తెల్ల సాక్సులు విప్పి ఒళ్లో పెట్టుకుంది, వెనక నిలబడి వాళ్ల నాన్న మాలకొండయ్య గెడ వేసి పడవ తోస్తున్నాడు, అరగంటలో నీళ్ల మధ్యనున్న వాళ్ల తిప్ప చేరతాం, వారంలో ఐదు రోజులు నేనూ ఉండేది ఆ తిప్ప మీదే, బడి పక్క గదిలో, ఈ అరగంటలో నేను నోరు తెరవాలి, లేకపోతే ఇక ఎప్పటికీ తెరవను, రెండోదే తేలిక, మధ్యాహ్నం నుంచీ చేస్తున్నది అదే.

ఐలండ్, ఐలండ్ అట, నవ్వులు మొదలవగానే బ్యాగులో చెయ్యిపెట్టి ఫోనులో స్పెల్లింగు కొట్టి స్పీకరు బొమ్మ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను, ఎవరో ఆడమనిషి ఐలండ్ అంది, మళ్లీ నొక్కితే విసుక్కోకుండా మళ్లీ అదే అంది, ఎస్ ఏమైంది తల్లీ, నేను పదకొండేళ్లుగా బోర్డు మీద రాసి బెత్తంతో చూపించిన ఎస్, మా బుచ్చిరెడ్డిపాలెం బడిలో గంగాధరం మాస్టారు చెప్పేవారు, కనపడిన ప్రతి అక్షరాన్నీ పలకండర్రా, అక్షరాన్ని మింగకండి అని, తెలుగుకి అది సరే, అ రాస్తే అ, క రాస్తే క, ఆయన ఇంగ్లిషుకీ అదే న్యాయం చేశారు, నేనూ చేశాను, ఆయనే ఇంకోటి కూడా చెప్పారు, నేను టీచరు ట్రైనింగుకి పోతున్నానని దండం పెట్టడానికి వెళితే, ఏమ్మా సాయిలక్ష్మీ, పిల్లల ముందు తెలీదు అని మాత్రం అనొద్దు, ఒక్కసారి అన్నావంటే ఇక నీ మాట వినరు అన్నారు, ఆ రెండూ పాటించాను, మూడోది ఏదైనా చెప్పి ఉంటే అదీ పాటించేదాన్నేమో, నా బుద్ధి అంతవరకే.

కాలు మాత్రం ఆయనది కాదు, అది నా సొంత తెలివి, తిప్ప మీదికి వచ్చిన మొదటి ఏడాది పిల్లలకు ఆ మాట ఎంతకీ గుర్తుండక, బయటికి తీసుకుపోయి ఇసకలో గుండ్రంగా గీత గీసి, చుట్టూ నీళ్లు, మధ్యలో ఏముంది, ఇదిగో, ఈజ్ ల్యాండ్, ఇదే నేల, ఇస్, ల్యాండ్, అని కాలు నేలకేసి కొట్టాను, ఇరవై రెండుమంది కొట్టారు, ఇసక లేచింది, అన్నం వండే వెంకటశేషమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చి ఏంది టీచరమ్మా తిప్పని ముంచేస్తారా ఏంది అని నవ్వింది, ఎంత గర్వపడ్డానో, బట్టీ లేకుండా ఆటలో నేర్పానని వీడియో తీయించి మండలం టీచర్ల వాట్సాప్‌లో పెట్టాను, ఎనభై మంది ఉన్న గ్రూపు, అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, ఒక్కరూ ఇది తప్పు అనలేదు, వాళ్లకీ తెలీదా, తెలిసి నవ్వుకుని ఊరుకున్నారా, రెంటిలో ఏది నయమో ఇప్పటికీ అర్థం కావడం లేదు, ఆ వీడియోలో ముందు వరసలో గట్టిగా కాలు కొట్టింది రోజారమణి, ఇప్పుడు నెల్లూరులో నర్సింగ్ చదువుతోంది, పోయిన ఎండాకాలం సెలవులకొచ్చి నాకు యాపిల్ పళ్లు తెచ్చిపెట్టి, టీచర్, కాలేజీలో నన్ను ఇస్‌ల్యాండ్ అని పిలస్తారు అంది, నవ్వుతూనే అంది, నేను తిప్ప నుంచి వచ్చిన పిల్ల కదా ముద్దుగా పిలుస్తున్నారనుకుని, చూశావా, ఊరి పేరు నిలబెట్టావు అన్నాను, ఆమె నా వైపు ఒక నిమిషం చూసి, అవును టీచర్ అని లేచింది, ఆ చూపు ఇప్పుడు అందుతోంది నాకు, పది నెలల తర్వాత, ఆ పిల్ల చెప్పడానికే వచ్చింది, చెప్పలేక పళ్లిచ్చి పోయింది, నేను ఆ యాపిల్ కోసుకుని తిన్నాను.

సిగ్గుగా ఉంది, ఒళ్లంతా సిగ్గుగా ఉంది, కానీ తప్పు పలికినందుకు కాదు, దానికి ఇంత కాలిపోనక్కర్లేదు, జడ్జిగా వచ్చిన సారు మంచివాడే, నవ్వుతున్నవాళ్లను కసిరి, ఐలండ్ అనాలమ్మా, ఎస్ పలకదు, ఎవరు నేర్పారు నీకు, మీ టీచరు వచ్చారా అని హాలంతా కలయజూశాడు, నేను మూడో వరసలో ఉన్నాను, లేచి నేనేనండీ అంటే అయిపోయేది, ఏమంటాడు, సరిదిద్దుకోండమ్మా అంటాడు, అంతేగా, నేను వంగి కుర్చీ కింద నీళ్ల సీసా మూత వెతికాను, మూత సీసాకే ఉంది, వెన్నెల నన్ను చూసింది, చూపు నా నెత్తి మీద ఆగిందని తల ఎత్తకపోయినా తెలిసింది, తర్వాత మైకులో దాని గొంతు, ఎవురూ నేర్పలా సార్, నేనే చదువుకున్నా అని, ఏమీ తొణక్కుండా, మిగిలిన నాలుగు వాక్యాలూ చెప్పి, థ్యాంక్యూ సార్ అని దిగి వచ్చి నా పక్కన కూర్చుంది, తొమ్మిదేళ్ల పిల్ల, నేనేం చేశాను, సీసా దాని చేతికిచ్చి నీళ్లు తాగమన్నాను.

ఏం టీచరమ్మా, మా పాప ఎట్టా మాట్లాడింది, అంటున్నాడు మాలకొండయ్య, గెడ ఎత్తినప్పుడల్లా నీళ్లు నా చీర మీద పడుతున్నాయి, ఈ నీళ్లలో ఎవరి వంతు రోజు వాళ్లే వల వేయాలి, దాన్ని పాడు అంటారు, ఈ రోజు అతని పాడు, మళ్లీ ఎన్ని రోజులకో వస్తుంది, వల ఇంటి ముందు ఆరేసి మమ్మల్ని తీసుకొచ్చాడు, నేను నోరు తెరిచేలోగా వెన్నెలే, బాగనే మాట్లాడినా నాన్నా, ప్రైజు రాలా అంది, పోనీలే మే, పై ఏడొస్తాది, మా నోళ్లకి ఇంగ్లీషు తిరగతాదా, టీచరమ్మ ఉండబట్టి గదా నీకీ మాత్రం వచ్చింది అన్నాడు, దండం పెట్టినట్టే అన్నాడు, దానికన్నా ఆ గెడతో ఒకటి వేసినా బాగుండేది, వెన్నెల పడవ అంచు మీదినుంచి జరిగి నా దగ్గరికొచ్చింది, నా చెవిలో, ఆ సారుకు తెలీదు గదా టీచర్ అంది, ఏం తెలీదు అన్నాను, ఇస్‌ల్యాండ్ అనడం తెలీదు గదా, పెద్దసారు గదా, మీరు చెప్తే మిమ్మల్ని తిడతాడని నేనే చదువుకున్నానని చెప్పినా, ఎవురికీ చెప్పన్లే టీచర్.

అందుకా అంత ధైర్యం, అందుకా హాలంతా నవ్వుతున్నా తల ఎత్తుకునే నిలబడింది, వాళ్లందరిదీ తప్పు, మా టీచరుది ఒప్పు అనుకుని, నేను మూత వెతకడం కూడా దానికి తప్పుగా కనపడలేదు, కాపాడాల్సిన మనిషిలా కనపడ్డాను, ఇప్పుడు ఊరుకుంటే ఈ నమ్మకం ఇలాగే ఉంటుంది, రేపు బడిలో పిల్లలందరికీ ఆ సారుకు రాదు అని చెబుతుంది, పెద్దదై ఎక్కడికో పోయి అక్కడా కాలు కొడుతుంది, ఏదో ఒక రోజు నాకు యాపిల్ పళ్లు తెస్తుంది, కాదు, వద్దు, మాలకొండయ్యా అన్నాను, పాప తప్పు చెప్పలేదు, నేను తప్పు నేర్పాను, అది ఐలండ్, ఎస్ పలకదు, ఆ సారు చెప్పిందే సరి, అక్కడ ఎవరు నేర్పారని అడిగితే నేను దాక్కున్నాను, పాప ఆ మాట నా మీద పడకుండా కాసుకుంది, మాలకొండయ్య గెడ నీళ్లలోనే పెట్టి ఆగాడు, పాప వైపు ఒకసారి చూసి మళ్లీ తోశాడు.

వెన్నెల తల దించుకుంది, హాల్లో దించని తల, సాక్సుల్ని ముద్దగా చేసి గట్టిగా పట్టుకుంది, ఆ నవ్వు ఇప్పుడు తగిలింది దానికి, నా వల్లే తగిలింది, చెప్పకుండా ఉండాల్సిందేమో అని కూడా అనిపించింది, తిప్ప మీద గుడిసెలు కనపడుతున్నాయి, దాని పెదాలు కదులుతున్నాయి, ఐ, ఐలన్, ఐలండ్, నాలుగైదుసార్లు లోపలే అనుకుని, నా ముఖం చూడకుండా, మరి పలకనప్పుడు అది ఆడెందుకుండాది టీచర్ అని అడిగింది, ఎందుకుందో, పుస్తకంలో ఉంది, అచ్చులో ఉంది, మూడో వరసలో నీళ్ల సీసా పట్టుకుని నేనూ ఉన్నాను, ఏదో ఒకటి కల్పించి చెప్పడం నాకు క్షణం పని, నాలుక చివరికి వచ్చింది కూడా, గంగాధరం మాస్టారు గుర్తొచ్చారు, క్షమించండి మాస్టారూ, తెలీదు వెన్నెలా అన్నాను, పదకొండేళ్లలో ఒక పిల్లతో ఈ మాట అనడం ఇదే మొదలు, అది చప్పున తల ఎత్తి చూసింది, అలకతోనే చూసింది, అయినా చూసింది, మీకూ తెలీదా అంది, నాకూ తెలీదు అన్నాను, పడవ అడుగు ఇసకకి రాసుకుని ఆగింది, ఆ హాల్లో నేను లేచి అనాల్సింది కూడా ఈ మాటే, ఇంగ్లిషు కూడా అక్కర్లేదు, తెలుగులోనే, తెలీదు, మూడే అక్షరాలు, మూడూ పలికేవే.