ఎండాకాలం పులస

తలుపులమ్మ గంప దించితే రామచంద్రపురంలో ఎవరూ చేప మొప్పలు ఎత్తి చూడరు. ఆమె తాజా అంటే తాజాయే. ఆ నమ్మకమే ఆమె ఆస్తి. ఈ వైశాఖంలో ఆ ఆస్తికి చెదలు పట్టింది.

గేటు తీసిన ప్రతి ఇల్లాలూ పులస ఏదని అడగడమే.

"ఎండల్లో పులసేంటండీ టీచరుగారూ, గోదారికి ఎర్రనీరు రావొద్దా?" అంది తలుపులమ్మ.

"మరి నిన్న పెళ్లి ఊరేగింపు పాటలో అరిచింది నువ్వే కదా. లేని చేపకి కేకెందుకు? నువ్వూ అందరిలాగే అయిపోయావు," అంది సత్యవాణి టీచరు.

ఆ మాట తలుపులమ్మకు ముల్లులా గుచ్చుకుంది. సాయంత్రం ఇంకో ఊరేగింపు వెంట నడిచింది. డీజే బండి మీది స్పీకరు పెట్టెల్లోంచి ముందు ఒక గంభీరమైన గొంతు వచ్చింది: "ఇది డీజే మణిదీప్ మిక్స్. కాపీ కొడితే కేసే." ఆ వెంటనే "పులసండీ పులస" అంటూ తన గొంతే, దరువు మీద ఎగురుతూ. పెళ్లికొడుకు మేనమామ చొక్కా విప్పి మరీ ఆడుతున్నాడు. నిజం చెప్పాలంటే తలుపులమ్మ కాలూ ఓసారి కదిలింది. ఆ కాలు మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

తిన్నగా డీజే బండి దగ్గరికి వెళ్లింది.

"ఏం బాబూ, నిన్ను కాపీ కొడితే కేసు, నన్ను కొడితే పాటా?"

మణిదీప్ లాప్‌టాప్ వెనక నక్కాడు. "పోయిన శ్రావణంలో మీరు మా వీధిలో కేకేస్తుంటే ఫోన్లో పట్టానండి. మూడు సెకన్లేనండి. ఏడు సెకన్లలోపైతే కాపీరైట్ రాదంటారండి."

"ఎవరంటారు?"

"డీజేలందరూనండి."

"నా గంపలో చేప తీసుకుపోయి, చిన్నదేనండీ అంటే ఊరుకుంటానా?"

మణిదీప్ తల గోక్కున్నాడు. "అసలా రూలు లేదులెండి. నా పాట రాజమండ్రి కుర్రాడు కత్తిరించుకుంటే అలాంటి రూలు లేదనే తగువాడాను. మీ కేక తీసేస్తానండి."

తీరా తీసేస్తానంటే ఆమెకు మనసొప్పలేదు. "పాట ఉండనీ, అబద్ధం తీసెయ్. ఇప్పుడు గంపలో ఉన్నది అరుస్తాను, పట్టుకో. పులస పడ్డాక నేనే ఫోన్ చేస్తాను, అప్పుడు వేద్దువు."

ఆ వేసవంతా జనం "శీలావతండీ, కొరమేనండీ" అన్న కేకకే చిందులేశారు. పాట ముందు "తలుపులమ్మగారి అనుమతితో" అన్న మాట కూడా చేరింది.

శ్రావణంలో ఒక సాయంత్రం మణిదీప్ ఊరేగింపు నడిపిస్తుండగా ఫోను మోగింది.

"పడింది. వెయ్యి," అంది తలుపులమ్మ, ఆ వీధి చివరే గంప దించి.

పులస పాట మొదలైందో లేదో, పెళ్లికొడుకు చుట్టూ జనం పల్చబడ్డారు. సత్యవాణి టీచరు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అందరికంటే ముందు గంప దగ్గరికొచ్చింది. మొప్పలు ఎత్తి చూడలేదు.