బండ మీద పడుకున్న రాడ్డు

"మా అన్నను చంపింది మీరే. సినిమా వాన కురిపించే ట్యాంకర్ వాడు వెళ్ళిపోతాడని తొందరపెట్టి, బండలోకి దిగని ఎర్తు రాడ్డును దిగినట్టే అనుకుని జనరేటర్ తిప్పించింది మీరే, ఇప్పుడు తప్పంతా అన్నదేనని కాగితం రాసుకొచ్చిందీ మీరే" అని నేను అరుస్తున్నాను, ఎదురుగా మడత కుర్చీల్లో కూర్చున్న నలుగురూ శ్రద్ధగా వింటున్నారు, వాళ్ళ ముఖాలు తడిసిన ఫొటోల్లా చెదిరిపోయి ఉన్నాయి, ఒకాయన మాత్రం చెయ్యెత్తి "బాగుందమ్మా, ఇంకోసారి చెప్పు, కొంచెం ఎడమకు జరిగి" అంటున్నాడు.

నేను జరుగుతున్నాను. ఎందుకు జరుగుతున్నానో తెలియదు. కోపం ఉండాల్సిన చోట ఏమీ లేదు, పన్ను పీకే ముందు మత్తుసూది వేసిన దవడలా ఉంది లోపలంతా. వాళ్ళు షూటింగ్ వాళ్ళనుకున్నాను, చూస్తే ఫిల్మ్ స్కూల్లో నన్ను ఇంటర్వ్యూ చేసిన మాస్టార్లు, ఇంకా చూస్తే వాళ్ళూ వీళ్ళూ ఒకటే, అది వింతగా కూడా అనిపించడం లేదు. కాళ్ళ కింద క్లాసు గది గచ్చు ఉంది, నాలుగడుగులు వేస్తే అది అన్న పోయిన షూటింగ్ చోటి నల్లబండ అవుతోంది, బండ మీద ఎండలోనే వాన పడుతోంది, ఆ వానలో మా అన్న ఎల్లేశం స్టాండు పక్కన నిలబడి లైటు రెక్కలకు నారింజ రంగు జిలెటిన్ కాగితాన్ని బట్టల క్లిప్పులతో బిగిస్తున్నాడు. కరెంటు కొట్టి పోయి ఐదు నెలలైంది. పదిహేడేళ్ళు సినిమా లైట్‌మ్యాన్‌గా చేశాడు. చొక్కా అంచుకు వరసగా క్లిప్పులు పెట్టుకునేవాడు, తీయడం మరిచిపోయి కృష్ణానగర్‌లో మా గదికొచ్చి అలాగే అన్నం తినేవాడు.

"ఒక్క క్లిప్పు తక్కువైంది, నీ దగ్గర ఉన్నదానే?" అంటాడు, ఎలా ఉన్నావని అడగకుండా.

"లేదన్నా."

"ఏం పిల్లవే నువ్వు? కెమెరా కోర్సుల సీటు కొట్టినవ్, చేతుల క్లిప్పు లేకపాయె. సినిమాలు తీస్తవా, పెండ్లి ఆల్బాలు తీస్తవా?"

నవ్వాలి. రాదు. "సీటు ముచ్చట నీకెవరు చెప్పిన్రు?"

"అమ్మనే. నా ఫొటో ముంగట దీపం పెట్టి బస్తీ ముచ్చట్లన్నీ చెప్తది, ఇనలేక సస్తున్న" అని తన మాటకు తనే పకపక నవ్వుతాడు, ఆ నవ్వుకు వాన పక్కకు జరుగుతుంది, మేమిద్దరం మా గదిలో ఉన్నాం, మధ్యలో ఒకే బల్బు వేలాడుతోంది, గోడకు థర్మాకోల్ అట్ట ఆనించి ఉంది, ఈ రెండింటితోనే అన్న నాకు వెలుగు పెట్టడం నేర్పాడు, అమ్మ ముఖం మీద తెల్లారేలా, పొద్దుగూకేలా.

"ఏం చేద్దామనుకుంటున్నవ్?" అంటాడు.

ఏం చెప్పను? ఫీజుకు దారి ఒక్కటే, సినిమా కంపెనీ ఇస్తానన్న పరిహారం. అది చేతికి రావాలంటే 'మృతుడి సొంత నిర్లక్ష్యం వల్లే ప్రమాదం జరిగింది' అన్న కాగితం మీద నేనూ అమ్మా సంతకాలు పెట్టాలి. స్కూలు గడువు శనివారం, కంపెనీ గడువూ శనివారమే. "నాకు స్కూలెందుకన్నా" అంటున్నాను, "నువ్వు నేర్పింది చాలదా? సెల్లుతోని తీస్తనే ఉన్న గద. యూనియన్ ధర్నా తీస్తే ఎంతమంది చూసిన్రు!"

"నేను నేర్పింది లైటు పెట్టుడే. యాడ పెట్టాల్నో చెప్పేటోడు వేరే ఉంటడు. ఆడ వెట్టు, ఈడ వెట్టు అని చూపిస్తే, పదిహేడేండ్లు వాని వేలే చూసిన. ఎందుకు సార్ అని ఒక్కనాడు అడగలే. ఆ ఎందుకన్నది స్కూల్ల చెప్తరట. స్కూలు ఉత్తదేం కాదు, పోవాల్సిందే."

"అయితే సంతకం పెట్టాల్నా?"

గది మళ్ళీ బండ అయింది. బండ మీద ఎర్తు రాడ్డు మనిషిలా పడుకుని ఉంది. తప్పిన కరెంటును నేలలోకి పంపడానికి భూమిలోకి నిలువునా దిగాల్సిన రాడ్డు. తడిపితే అలాగైనా ఎర్తు అందుతుందని అన్న దాని మీద తడిగోనె కప్పి బకెట్‌తో ఉప్పునీళ్ళు పోస్తున్నాడు, పసిపిల్లకు స్నానం చేయించినంత మెల్లగా.

"ఇది దిగలేదని మేనేజర్‌కు చెప్పిన. 'రెండు షాట్లేనయ్యా ఎల్లేశం, రాడ్డు పడుకుంటే పడుకోనీ, నువ్వు పడుకోకు' అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన."

ఐదు నెలలుగా ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న అప్పుడు నోట్లోంచి వస్తుంది. "అంటే తప్పు నీదేనా అన్నా?"

"పండవెట్టిన చెయ్యి నాదే. అబద్ధం ఎందుకు? మరి వాళ్ళ కాగితంల మేనేజర్ మాట ఉన్నదా?"

"లేదు."

"నవ్వినోళ్ళ పేర్లున్నయా?"

"లేవు."

"అట్లయితే అది సగం ఫ్రేమే గదనే. సగం ఫ్రేమ్ మీద సంతకం పెట్టి, ఫ్రేమ్ పెట్టుడు నేర్చుకోనీకి పోతవా?"

కుర్చీల్లోంచి ఎవరో "రెడీ" అంటారు. అన్న లైటు వైపు చెయ్యి చాపుతాడు, ముట్టకు అన్నా అని చెప్పాలి, దవడ మత్తు వదలడం లేదు, నేను పరుగెత్తుతున్న కొద్దీ క్లాసు గది పొడుగవుతోంది, "ఆ క్లిప్పు మాత్రం తీసుకరాయే" అంటాడు, పడిపోడు, అరవడు, ఊరికే వెలుగు పోతుంది.

కళ్ళు తెరిస్తే తెల్లారింది. బయట నల్లా దగ్గర అమ్మ డ్రమ్ము నింపుతోంది. నేను ఏడవడం లేదు. గోడకు, క్యాలెండర్ మేకుకు, రెండు కాగితాలు కలిసి వేలాడుతున్నాయి, పైన స్కూలు వాళ్ళది, కింద కంపెనీ వాళ్ళది. చదువు రాని అమ్మ, రెండూ శనివారానివే కదా అని ఒక్కచోట పెట్టి క్లిప్పు బిగించింది. అది అన్న క్లిప్పు. లైటు వేడికి ఒక కొస కరిగిపోయింది, దానికి నారింజ రంగు జిలెటిన్ ముక్క ఇంకా అతుక్కుని ఉంది.

క్లిప్పు తీశాను. కాగితాలు విడిపోయాయి. స్కూలుది దాచుకున్నాను, ఈ ఏడు పోతే వచ్చే ఏడు మళ్ళీ కొట్లాడి తెచ్చుకుంటాను. కంపెనీ కాగితం వెనక తెల్లగా ఉన్న వైపు ఇది రాస్తున్నాను.

ఆ రోజు బండ దగ్గర నవ్విన లైట్‌మ్యాన్లారా, మీ ఇళ్ళు నాకు తెలుసు. శనివారం పొద్దున పదింటికి యూనియన్ ఆఫీసుకు రండి. మేనేజర్ ఏమన్నాడో మీ నోటితో చెప్పండి, నేను తీస్తాను. ఇవాళ్టి నుంచి రాడ్డు నేలలోకి దిగేదాకా ఒక్క జనరేటర్ కూడా తిప్పకండి. పని పోతుందంటారా? పోనీయండి, నా సీటు కూడా ఆ శనివారమే పోతోంది. రండి.