కింది మూడు వరసలు

రెండు పీపాల నీళ్లు పోసినా బొరియ నిండలేదంటే ఆ నీళ్లన్నీ ఎటు పోయినట్టు, నేల తాగేసిందనుకుందామంటే ఇది ఇసుక నేల కాదు, బంకమట్టి, చెంబెడు పోస్తే చెంబెడూ పైనే నిలబడుతుంది, అయినా మేస్త్రీ మూడో పీపా కోసం కొళాయి తిప్పాడు, తిప్పుతూ టమాటా మొక్కల వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు, నిన్నటికి మిగిలిన నాలుగు కాయల్లో మూడు తెల్లారేసరికి డొల్లలు, తినేదేదో ఒక్క కాయ పూర్తిగా తిని చావవచ్చు కదా, కొత్తల్లుడు కంచంలో కెలికినట్టు ప్రతిదీ ఇంత కొరికి వదలడమేమిటి, కొండను తవ్వి ఎలుకను పట్టాడని ఎవరినో వెక్కిరిస్తారు గానీ వాడే నయం, వాడికి ఎలుకైనా దొరికింది, తను పెరడంతా తవ్వాడు, బోను పెడితే రొట్టెముక్క పోయింది గానీ ఎలుక పడలేదు, జిగురు అట్ట పెడితే తొండ అంటుకుంది, దాన్ని నూనె రాసి విడిపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది, మిరపకాయల పొగ పెడితే పక్కింటి దర్జీ దగ్గుకుంటూ వచ్చి, మేస్త్రీ, ఎలుకల సంగతి తెలియదు గానీ నేను మాత్రం ఇల్లు ఖాళీ చేసేలా ఉన్నాను అన్నాడు, బొరియల్లో గాజుపెంకులు కుక్కి సిమెంటు పెడుతుంటే మళ్లీ వచ్చి, నలభై ఏళ్లు మనుషులకి కట్టావు, ఇక ఎలుకలకి కడుతున్నావా అని నవ్వాడు, మందు పెట్టి చంపెయ్యరాదా అని సలహా కూడా ఇచ్చాడు, మందు ఎలా పెడతాడు, ప్రతి ఆకునీ ప్రతి కాయనీ చేత్తో తడిమి ఆ చెయ్యే నోట్లో పెట్టుకునే భార్య ఇంట్లో ఉండగా.

ఉండగా ఏమిటి, తడిమి తొమ్మిది రోజులైంది, ఆ రోజు ఉదయం టమాటా పండిందో లేదో నొక్కి చూద్దామని ఆకుల కింద చెయ్యి పెట్టింది, కాయకి బదులు వెచ్చగా ఏదో తగిలింది, చూపుడువేలు చివర చీరుకుపోయింది, ఆమె అరవలేదు కూడా, వేలు చీర కొంగులో చుట్టుకుని ఒక్కతే నడిచి లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది, నేను ఇక తోటలోకి వెళ్లనులే అంది, అంతే, అటు తిరిగి పడుకుంది, సూదిమందు వేయడానికి వచ్చిన నర్సమ్మ వాకిట్లోకి పిలిచి గొంతు తగ్గించి, గాయం మానింది తాతా, మనిషే మానలేదు, ఈ వయసులో మంచం పడితే కాళ్లు పట్టేస్తాయి, తర్వాత నువ్వు మోసుకు తిప్పినా లేవదు, ఎలాగైనా నడిపించు అంది, ఎలా నడిపించడం, ఎనిమిదేళ్లుగా చూపు లేని మనిషికి ఈ తోటే వీధి, ఇదే బజారు, ఇదే ఇరుగూ పొరుగూ, నిన్న రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపింది, మొన్న నాలుగు, ఈ లెక్కన రేపు.

రేపటి సంగతి తర్వాత, ముందు మూడో పీపా, పోశాడు, బొరియ గుటగుటా మింగింది, అప్పుడు వినిపించింది, పది అడుగుల అవతల, తోట గోడలోంచి, కుండలో నీళ్లు కదిలినట్టు, మేస్త్రీ మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లాడు, అడుగు వరసలో ఇటుకకీ ఇటుకకీ మధ్య సిమెంటు మాలు రాలిన సందులోంచి నీళ్లు కారుతున్నాయి, ఉత్త నీళ్లు కాదు, టమాటా గింజలు, ఎండుగడ్డి, గుడ్డపేలికలు, చెవి ఆనించాడు, లోపల కిచకిచలు, పరుగులు, ఒకటి కాదు పది కాదు, ఊరికి ఊరు కాపురం ఉంది, తన చేత్తో కట్టిన గోడలోనే, బయటి బొరియలన్నీ సిమెంటు పెట్టి మూసి వాటిని లోపలికే తోలాడు, పీపాలో నీళ్లు పొంగిపోతున్నా కొళాయి కట్టాలని తోచలేదు.

కింది మూడు వరసలు నిండుగా ఉండాలిరా, పైన నువ్వు బోలు కడతావో మేడ కడతావో నీ ఇష్టం అని పని నేర్పిన పెద్ద మేస్త్రీ తాపీ కాడతో నెత్తిన మొట్టి మరీ చెప్పాడు, ఇటుకలు నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలి బోలు కడితే తక్కువ ఇటుకతో ఎక్కువ గోడ లేస్తుంది, తప్పు పని కాదు, కానీ కింద నిండు లేకపోతే పురుగూ పుట్రా చేరుతుంది, ఆ మాట ఎంతమంది కూలీలకి తను చెప్పలేదు, తన ఇంట్లో మాత్రం నేల నుంచే బోలు కట్టాడు, ఎందుకంటే ఇటుక చాలలేదు, ఇటుక కన్నా రోజులు చాలలేదు, కళ్ల డాక్టరు ఆమె చూపు రెండు నెలలకి మించి నిలవదన్నాడు, ఆ రెండు నెలల్లోనే, ఇంకా మసగ్గా కనిపిస్తుండగానే, వంటింటి గుమ్మం నుంచి తోట చివరిదాకా నడుమెత్తు గోడ లేవాలి, ఆమె దాన్ని పట్టుకుని నడవడం నేర్చుకోవాలి, అందుకే వంగ మడి దగ్గర ఒక ఇటుక బయటికి పొడిచి పెట్టాడు, టమాటా దగ్గర రెండు, సొరపాదు దగ్గర అంచు గుండ్రంగా అరగదీశాడు, చేతికి తగిలితే చాలు ఎక్కడుందో తెలిసిపోతుంది, ఆమె ఆఖరి వరస మీద అరచెయ్యి పెట్టి, గట్టిదేనా, నా బరువంతా దీనిమీదే వేస్తాను మరి అని అడిగింది, తను తాపీ కడుక్కుంటూ, నిండు గోడే అన్నాడు, ఆ ఒక్క మాట, రోజుకి పది మాటలు కూడా మాట్లాడని వాడు ఆడిన మాటల్లో అదొక్కటే అబద్ధం.

ఎలుకలతో వేగలేక ఇల్లు తగలబెట్టుకున్నాడంటారు, ఇప్పుడు గోడ పగలగొడితే అదే అవుతుంది, ఎలుకలు పోతాయి, దాంతోపాటే ఆమె దారీ పోతుంది, మళ్లీ కడదామంటే చెయ్యి వణుకుతోంది, గోడ నిలువు చూసే తూకపుగుండు దారం రెండుగా కనిపిస్తోంది, పగలగొట్టకపోతే ఆమె ఎలాగూ బయటికి రాదు, ఇటు చూస్తే నుయ్యి అటు చూస్తే గొయ్యి, సుత్తి తీసుకున్నాడు, కింద పెట్టాడు, మళ్లీ తీసుకున్నాడు, అడక్కుండా కొడితే ఆ చప్పుడుకి మంచం మీద ఆమె గుండె ఆగిపోదా, లోపలికి వెళ్లాడు, బురద కాళ్లతోనే, గుమ్మంలోనే ఆగి, ఏమే అన్నాడు, ఆమె ఇటు తిరగలేదు, ఏమే, అది నిండు గోడ కాదు, బోలుది, కింద నుంచీ బోలే, ఎలుకలు అందులోనే ఉన్నాయి, అని మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాడు, ఆమె మంచం పక్క గోడవైపే చూస్తూ, చూపు లేని చూపుతో, ఆ సంగతి గోడే చెప్పిందయ్యా, మొదటి వారంలోనే, అరచెయ్యి వేస్తే డొల్లగా మోగేది అంది, మరి ఎలుకలు అన్నాడు, రెండు నెలలై వింటున్నా అంది, చెప్పొచ్చు కదా అంటే, చెబితే నీ మాట అబద్ధమని నా నోటితో చెప్పినట్టవుతుంది, నువ్వే చెబుతావని చూశా, అంది.

పదునైన మాటే గానీ గొంతులో పదును లేదు, కాళ్లు కిందికి దించింది, చెప్పుల కోసం వేళ్లతో వెతుక్కుంది, పద, నువ్వు కొట్టు, నేను నిలబడతా, ఎటు పరిగెడుతున్నాయో నీకన్నా నాకే బాగా తెలుస్తుంది అంది, మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది, మేస్త్రీ ముందు నడిచాడు, తలుపు దాటాడు, వెలుగు కళ్లలో పడి మొత్తం తెల్లబారింది, ఆ తెలుపులో ఈ ఎనిమిదేళ్ల ఉదయాలు కనిపించాయి, ఆమె గోడ పక్కనే నడిచేది, ఎంత తేలిగ్గా నడిచేదంటే చూసిన దర్జీ భార్య ఆశ్చర్యపోయేది, అరచెయ్యి ఆనేది కాదు, వేళ్ల కొసలే, ఇటుక మీద సీతాకోకచిలుక వాలినట్టు, అది చూసి తన పనితనమే అనుకుని లోలోపల మురిసిపోయాడు, కాదు, అది పనితనం కాదు, గోడ బోలుదని తెలిసి ఆమె ఒక్కరోజు కూడా దానిమీద బరువు వెయ్యలేదు, గోడ కూలితే కూలుతుందని కాదు, కూలితే మొగుడి మాట కూలుతుందని, ఎనిమిదేళ్లూ చీకట్లో ఒంటరిగా నిలదొక్కుకుంటూ నడిచింది, అనుకుంటుండగానే వెనక నుంచి ఆమె చెయ్యి వెతుక్కుంటూ వచ్చి అతని భుజం మీద పడింది, వేళ్ల కొసలు కాదు, అరచెయ్యి మొత్తం, ఆపైన మనిషి బరువంతా, ఎంత బరువని, ఇన్నేళ్లూ ఎక్కడ మోసుకుందని, మేస్త్రీ కాళ్లు నేలలో ఊని, కదలకుండా నిలబడ్డాడు.