రెండోసారి ఆపే లైను

టికెట్లు అచ్చువేసే యంత్రంలో మోటారును నడిపే ప్రోగ్రాం అది. పదిహేడేళ్ల క్రితం పెద్దాయన భార్య రాసింది. ఆఫీసులో ఆయన్ని అందరూ పెద్దాయన అనే అంటారు. మిగతావాళ్లు చేసిన మార్పులు చదివి సరేననడం ఆయన పని. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఈలోగా చిన్న చిన్న మరమ్మతుల పేరుతో ఆమె రాసిన లైన్లు ఒక్కొక్కటే పోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది. కాగితం ఇరుక్కుంటే మోటారును ఆపాలి. ఆమె ఒకసారి ఆపమని, క్షణం ఆగి మళ్ళీ ఆపమని రాసింది; మొదటిదాన్ని తర్వాత ఎవరో మార్చారు, రెండోది మాత్రం ఆమెదే.

ఆ రెండో లైనును ఇవాళ పక్క సీటావిడ కొట్టేసి, ఆయన ముందుకు పంపింది.

"ఆగిన మోటారును మళ్ళీ ఆపడమేంటండీ, నిద్రపోయినవాణ్ణి జోకొట్టినట్టు!" అంది నవ్వుతూ. "అన్ని యంత్రాల మీదా చూశాను. అది లేకపోయినా బుద్ధిగా ఆగుతోంది."

"ఏదో కారణం ఉంటుందమ్మా."

"అదేంటో చెప్పండి, ఉంచేస్తాను. కారణం లేని లైను ఉండకూడదన్నది మీరేగా?"

కారణం అప్పట్లో భార్య చెప్పింది. కంచం ముందు కూర్చుని, చేత్తో మోటారు తిరిగినట్టు చూపిస్తూ మరీ చెప్పింది. ఆయన పేపరు చదువుతున్నాడు. "వింటున్నారా?" అంది. "ఊఁ" అన్నాడు.

సొరుగంతా వెతికాడు. ఆమె చేతిరాతతో ఒకే చీటీ దొరికింది: 'సబ్బు, బల్బు, మీ చెప్పులు'. మోటారు ఊసే లేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పక్క సీటావిడ కుర్చీ ఇటు జరిపింది. గొంతు తగ్గింది. "రాసిందెవరో ఇప్పుడే చూశానండీ. ఉంచేద్దాం."

"కారణం ఏమని రాస్తావు? చేత్తో తిప్పి చూపించి మరీ చెప్పినా మొగుడు వినలేదనా?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "పోనీ, ఆవిడ ఎలా చూపించారో ఒకసారి చూపించండి. దాన్నిబట్టి ఏమైనా తెలుస్తుందేమో."

ఆయన చెయ్యెత్తాడు. వేళ్లు గిర్రున తిరిగాయి. ఠక్కున ఆగాయి.

"తర్వాత?"

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"తర్వాత... నేను పేజీ తిప్పానమ్మా."

ఆవిడ నీళ్ల సీసా నిండుగానే ఉన్నా, తీసుకుని బయటికి వెళ్లింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఆ లైను తీసేసిన మార్పు కింద 'చూశాను, సరే' అని టైపు చేశాడు.