ముందు రుచి చెప్పేదెవరు

నేను ఒక చెక్క పీపాను. ఓక్ దుంగను చీల్చి, పలకల్ని నిప్పు సెగ మీద వంచి, నడుముకు ఇనుప పట్టీలు బిగించి నన్ను తయారుచేశారు. సెగ పెట్టినవాళ్ళను ఎవరు నమ్ముతారు? మనుషుల మీద అనుమానం నాకు అప్పుడే పట్టుకుంది. ఓడెక్కించారు, లారీ ఎక్కించారు, చివరికి మదనపల్లె దగ్గర శౌరిరెడ్డి గారి వైనరీ నేలమాళిగలోకి దొర్లించారు.

మూడు తరాల వైనరీ అది. ఎర్ర వైన్‌కు పేరు. నల్ల ద్రాక్షను నలిపి తొక్కలతో సహా తొట్టిలో పులియబెడతారు. తొక్కలు పైకి తేలి మీగడలా కడితే కర్రలతో మళ్ళీ అడుక్కి నొక్కుతారు. రంగంతా వాటిలోనే ఉంది మరి. ఆ రసం నాలో పోసి, బిరడా కొట్టి, నెలల తరబడి వదిలేస్తారు. నేను కొంచెం తాగుతానని వాళ్ళకు అనుమానం. తాగుతాను. అంత వైన్ కడుపులో పెట్టుకుని ఎవరు తాగరు?

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బిరడా తీసిన రోజున పెద్దవాడు రుచి చూసి ముందు మాట చెప్పాలి. తర్వాతే మిగతావాళ్ళు నోరు విప్పాలి. శౌరిరెడ్డి పోయాక ఆ పెద్దరికం కొడుకు ఇన్నారెడ్డికి వచ్చింది. ఆయన బాగాలేదంటే పీపా పారబోయాల్సిందే. చెల్లెలు ఆరోగ్యమ్మ పక్కన నిలబడి తలూపేది.

ఉన్నట్టుండి ఇన్నారెడ్డి వరస మారింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, నసిగి, "ముందు నువ్వు చెప్పుమ్మా" అనడం మొదలుపెట్టాడు. ఆమె ఏదంటే దానికి తందాన అనేవాడు. నాకు ఒళ్ళు మండింది. ఈయన దొంగచాటుగా వైన్ అమ్ముకుని పక్క పీపాల్లో నీళ్ళు కలుపుతున్నాడు, రేపు మాట పడాల్సి వస్తే చెల్లెలి మీదికి తోసేస్తాడు అనుకున్నాను. ఆరోగ్యమ్మకూ అదే అనుమానం వచ్చినట్టుంది. అన్న మాళిగలోకి దిగితే చాలు, ఏదో వంక పెట్టుకుని వెనకే దిగేది. నా బిరడా చుట్టూ వేలితో తడిమి చూసేది.

చివరికి ఒక ఉదయం ఆమే ఎత్తు వేసింది. నాలోంచి కొంచెం గ్లాసులోకి తీసి, రుచి చూసి, మొహం చిట్లించింది.

"పాడైపొయ్యిండాది అన్నా. వెనిగర్ మాదిరుంది."

పచ్చి అబద్ధం. ఆ ఏడాది నా కడుపులో ఉన్నంత మంచి వైన్ ఆ మాళిగలోనే లేదు. దొంగైతే మంచి సరుకు పారబోయడానికి ఒప్పుకోడని ఆమె ఎత్తు.

ఇన్నారెడ్డి గ్లాసు అందుకుని చాలాసేపు వాసన చూశాడు. గుటక వేశాడు. "నిజమేమ్మా, పారబోద్దాం" అంటూ సుత్తి తీసి నా అడుగు బిరడా మీదికి ఎత్తాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది.

ఆరోగ్యమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "అన్నా! నీకు వాసన తెలీడం లేదా?"

ఆయన సుత్తి వదిలేసి నేల మీద కూలబడ్డాడు. "ఆ పాడు జొరం వచ్చి పోయినప్పట్నించి వాసనా లేదు, రుచీ లేదు. మల్లెపూలైనా పేడైనా ఒకటే. చెప్తే నన్నింక ఈడికి దిగనియ్యవేమో అనుకుంటి."

"నేనేమో నువ్వు నీళ్ళు కలపతా ఉండావనుకుంటినే" అని ఆమె బావురుమంది.

కొన్నాళ్ళకు బెంగుళూరు నుంచి వ్యాపారులొచ్చారు. వాళ్ళు సరేనంటేనే ఆ ఏటి సరుకు కదులుతుంది. వాళ్ళలో ఒకాయన గ్లాసు ఇన్నారెడ్డి చేతిలో పెట్టి, మీ ఇంటి ఆచారం విన్నాం, పెద్దవారు చెప్పండి అన్నాడు. ఇన్నారెడ్డి మొహం పాలిపోయింది.

ఆరోగ్యమ్మ మెల్లగా ఆ గ్లాసు లాక్కుంది. "మీకెవరో తప్పు చెప్పినారు సార్. మా ఇంట్లో చిన్నోళ్ళే ముందు చెప్పాల. మా నాయన పెట్టిన పద్ధతి." రుచి చూసింది. "శానా బాగుండాది."

ఇన్నారెడ్డి ఆ గ్లాసు అందుకుని ఒక గుటక మింగి, "నా మాటా అదే" అన్నాడు. గ్లాసు తెచ్చి నా మీద పెట్టాడు. వ్యాపారులు మాత్రం ఆచారమంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నారు.

ఇప్పుడు నేను పాతబడి, ఖాళీగా వైనరీ గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. చిన్నవాళ్ళు ముందు చెప్పడం తాతల నాటి ఆచారమని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. ఎవరినీ నమ్మని నేను, ఆ అబద్ధం ఎవరికీ దొరక్కూడదని మాత్రం కోరుకుంటున్నాను.