స్మూట్ అంటే దారి

క్లిఫర్డ్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోయి మూడు నెలలయింది. ఆస్పత్రి పంపిన ఇసొబెల్ ప్రతి గురువారం వచ్చి, వంటింటి బల్ల మీద బొమ్మల కార్డులు పేర్చి మాటలు నేర్పుతోంది. ఇవాళ కూడా మెరుగు కనబడకపోతే ఆస్పత్రివాళ్లు ఇక ఆమెను పంపరట. భార్య మ్యూరియల్‌కు గుండెల్లో రాయి పడింది.

తలుపు బొమ్మ చూపించింది ఇసొబెల్.

"స్మూట్" అన్నాడు క్లిఫర్డ్.

ఇంటి కప్పు బొమ్మకు "కామ్" అన్నాడు. వంతెనకు "త్రఫ్" అన్నాడు.

ఇసొబెల్ కాగితం మీద 'అర్థం లేని శబ్దాలు' అని రాసుకుంది. "ఏమనుకోకండి మ్యూరియల్‌గారూ, నేను రాయాల్సింది రాయాలిగా" అంది.

మ్యూరియల్ తలూపింది. ఆమె లీడ్స్ పట్నంలో మాంసం కొట్టువాడి కూతురు. ఈ కొండలోయకు కాపురానికొచ్చి నలభై ఆరేళ్లు. మొగుడు సున్నం, సిమెంటు లేకుండా ఉత్త రాళ్లతో గోడలు కట్టేవాడు. గోడ బురదా, గోడ కబుర్లూ గుమ్మం అవతలే విడిచి రమ్మని పెళ్లయిన వారానికే చెప్పేసింది. అతనూ అలాగే విడిచొచ్చేవాడు.

పెరట్లో చలికాలం మంచుకు కూలిన గోడను క్లిఫర్డ్ పాత జతగాడు సిరిల్ కడుతున్నాడు. ఉన్నట్టుండి క్లిఫర్డ్ లేచి కిటికీ అద్దం మీద దబదబా బాదాడు.

"స్మూట్! స్మూట్!"

సిరిల్ తలెత్తి చూశాడు. నాలిక కరుచుకుని, అప్పుడే గోడ అడుగున పేర్చిన రాళ్లు మూడు ఊడబీకాడు. "చచ్చానురా బాబూ! తీశాలే, అరవకు!"

మ్యూరియల్ ఏప్రన్‌తోనే బయటికి పరుగెత్తింది. "ఏమన్నాడయ్యా ఆయన?"

"కుందేళ్లు దూరేందుకు అడుగున కన్నం వదలాలి కదమ్మా, అదే స్మూట్. మర్చిపోయి మూసేశాను. మంచాన పడ్డా పట్టేస్తాడు దొంగ సచ్చినోడు!"

"మరి కామ్?"

"గోడ నెత్తిన పెట్టే రాయి. త్రఫ్ అంటే ఈ వైపు నుంచి ఆ వైపుకి అడ్డంగా వేసే పొడుగు రాయి. ఏం, ఇన్నేళ్లలో నీకు చెప్పలేదా?"

మ్యూరియల్ కిటికీ వంక తిరిగింది. తలుపు, కప్పు, వంతెన. ఒక్కటీ తప్పు చెప్పలేదు మనిషి. "అమ్మాయ్! ఆ కాగితం పట్టుకుని ఇట్రా!" అని కేకేసింది.

ఇసొబెల్ వచ్చింది. విన్నది. రాసిన మాట కొట్టేసి, "స్పెల్లింగు చెప్పండి" అంది.

"ఎవడు రాశాడమ్మా అవి? మాలో నోటితోనే గడిచిపోయింది" అన్నాడు సిరిల్.

క్లిఫర్డ్‌ను చెరో రెక్కా పట్టుకుని గోడ దగ్గరికి తెచ్చారు. కట్టినంతవరకూ ఎగాదిగా చూసి, మొహం చిట్లించి "త్రఫ్!" అని వేలు చూపించాడు.

"మూడు నెలలు హాయిగా బతికాను. మళ్లీ మొదలెట్టాడు!" అంటూ సిరిల్ పొడుగు రాయి వెతకబోయాడు. కళ్లు మాత్రం తుడుచుకుంటున్నాడు.

"వచ్చే గురువారం రబ్బరు బూట్లు వేసుకొస్తా. కార్డులు అక్కర్లేదు" అంది ఇసొబెల్.

మ్యూరియల్ బురదలో మోకాళ్ల మీద కూర్చుని గుప్పెడు చిన్న రాళ్లు ఏరింది. ఒకటి అతని ముందు పెట్టింది. "ఇదేంటయ్యా?"

క్లిఫర్డ్ ఆ రాయిని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "హార్టింగ్" అని, గోడ కడుపులో చిన్న రాళ్లతో నింపాల్సిన సందు చూపించాడు.

ఆమె కూడా ఆ మాటే అని, రాయి అక్కడ పెట్టి, ఇంకొకటి చేతిలోకి తీసుకుంది.