వరస ఇళ్ల ముఖం

బాత్ పట్టణంలో హార్న్‌బీమ్ వరస ఇళ్లన్నిటికీ కలిపి ముఖం ఒక్కటే. తేనెరంగు రాయి, ఒకే కొలత కిటికీలు, గుమ్మాల మీద ఒకే తీరు చెక్కడం. ఆ ముఖం ఎలా ఉండాలో స్థలం యజమాని చెబుతాడు. దాని వెనక ఎవరిల్లు వాళ్లు చిత్తం వచ్చినట్టు కట్టుకోవచ్చు. పైన పటారం, లోన లొటారం అనేది అక్కడ తిట్టు కాదు, ఒప్పందం.

హెస్టర్ టోవీ మొగుడు పోయాక గదులు అద్దెకిచ్చి బతకాలనుకుంది. గదులు ఎక్కువ రావాలని, ఎత్తైన మొదటి అంతస్తును అడ్డంగా రెండు చెయ్యమని మరిది జేబెజ్‌కు చెప్పింది. జేబెజ్ వడ్రంగి. కిటికీలో పై చట్రం, కింది చట్రం కలిసేచోట ఉండే అడ్డకర్ర వెనక కొత్త నేల దాక్కోవాలని అతని ఎత్తు. కానీ కొలత పెరటి వైపునుంచి తీశాడు. పెరడు పల్లం, వీధి కమానుల మీద లేపిన మిట్ట. ఆ తేడా లెక్కలో తప్పి నేల జానెడు పైకి తేలింది. ఇప్పుడు వీధిలోంచి చూస్తే అద్దంలో పలకల అంచు, దాని మీద పైగదిలో దిగిన నాట్యం మాస్టారు పిన్నాక్ బూట్లు.

మర్నాడు థ్రింగ్ వస్తున్నాడు. యజమాని మనిషి. కాలిబాట మీంచి చూసి, వరస ముఖం ఒక్క తీరుగా ఉంటేనే హెస్టర్ పట్టా మీద సంతకం పెడతాడు. లేదంటే ఆ నేల ఊడబెరకాలి. గదులు పోతే ఆమె బతుకూ పోయినట్టే.

"ఎక్కణ్ణుంచి కొలిచావు మరిదీ, మీ అత్తారింటి నుంచా?"

"పొరపాటైంది వదినా. ఆ మాస్టార్ని కాస్త వెనక్కి జరిగి చిందెయ్యమను."

"ఆయన జరుగుతాడు. పలకలు జరుగుతాయా?"

"కిటికీలకి పైనుంచి సగం దాకా తెర కట్టేద్దాం."

"వరసలో నా ఒక్కదానికే తెరా? పెళ్లిలో ముసుగేసుక్కూచున్నట్టు ఉంటుంది." అంటూనే హెస్టర్ ఆగింది. "అందరూ కడితే?"

"నీ కోసం వాళ్లెందుకు కడతారు?"

"నా కోసం ఎవడు కడతాడు? వాళ్ల కోసం కడతారు."

వెళ్లి పక్కింటి డోర్కస్ కాటిల్ తలుపు కొట్టింది. డోర్కస్ మేడగదిలో, కిటికీ వెనకే కోళ్లు పెంచుతోంది.

"నీ పలకలకీ నాకూ ఏంటే సంబంధం?" అంది డోర్కస్.

"ఏం లేదక్కా. థ్రింగ్ నా అద్దంలోంచి లోపలికి చూడ్డం మొదలెడితే, ఆ చూపు నా ఇంటి దగ్గరే ఆగుతుందంటావా?"

డోర్కస్ తన మేడ వైపు చూసింది. "పాత దుప్పటైనా పర్లేదా?"

ఆ పక్కింట్లో మెట్లు కిటికీకి అడ్డం పడ్డాయి. ఆపై ఇంట్లో పొగగొట్టం అడ్డం. ఇరుగుపొరుగు మంచితనాన్ని నమ్ముకుంటే పనులు కావు, వాళ్ల గుట్టును నమ్ముకుంటే అవుతాయి. పొద్దుగూకే లోపల నార దుప్పట్లన్నీ తెరలుగా చిరిగాయి. జేబెజ్ ఇంటింటికీ ఒకే ఎత్తున మేకులు కొట్టాడు.

పొద్దున థ్రింగ్ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. కిటికీలన్నీ సగం రెప్పలు వాల్చి ఉన్నాయి.

"ఇదేంటిది?"

"దక్షిణపు ఎండండీ. కుర్చీల గుడ్డలు వెలిసిపోతున్నాయి," అంది హెస్టర్.

పైన మాస్టారు నేల దడదడలాడించాడు.

"ఆ చప్పుడేంటి?"

"చప్పుడికి ముఖం ఉండదు గదండీ."

థ్రింగ్ కదిలాడు. హెస్టర్, డోర్కస్ వెంట నడిచారు. ఒక్కొక్క ఇంటికీ తల ఊపుతూ చివరిదాకా వెళ్లి, అక్కడ నిలబడిపోయాడు. ఆ ఇంటి కిటికీలు బోడిగా ఉన్నాయి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి.

"అంతా ఒక్క తీరుగానే ఉంది గదండీ, ఆ ఇల్లు తప్ప," అంది హెస్టర్ మెల్లగా.

"అది నా ఇల్లు."

"తెలుసండీ. అందుకే మేమెవరమూ నోరెత్తలేదు."

డోర్కస్ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. థ్రింగ్ తలెత్తి భార్యను కేకేశాడు. ఆవిడ కిటికీలోంచి తొంగి చూసింది.

"దుప్పటొకటి తీసి కిటికీకి కట్టు. సగం దాకా."

"ఏ దుప్పటండీ?"

"వీళ్లు కట్టారే, అలాంటిది."

తర్వాత కలం అడిగి, హెస్టర్ గుమ్మం మెట్ల మీదే పట్టా పరిచి సంతకం చేశాడు.